సువర్ణ ముక్కు కింద నేను

నేను ఒక గాజు గ్లాసుని. పొట్ట లావు, మూతి సన్నం, కాలు పొట్టి. ఫిరోజాబాద్ కొలిమి దగ్గర ఒక ముసలాయన గొట్టంలోకి ఊపిరి ఊదితే పుట్టాను. నన్ను చేసింది తాగడానికి కాదు, వాసన చూడడానికి. అందుకే ఏ విందుకూ పోలేదు. సంగారెడ్డి దారిలోని ఒక విస్కీ ఫ్యాక్టరీకి వచ్చి, మాణిక్‌రావు సారు చేతిలో పడ్డాను.

స్కాట్లాండ్ దీవుల నుంచి పీపాల్లో వచ్చే పొగ మాల్టును, అంటే పొగ పట్టిన బార్లీతో చేసిన విస్కీని, పరీక్షించి, మా విస్కీలో కలపవచ్చో లేదో తేల్చడం ఆయన పని. ఆ దీవుల్లో చిత్తడి మట్టిని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి కాలుస్తారు. ఆ పొగలో బార్లీ మొలకలను ఆరబెడతారు. పదేళ్లు పీపాలో మగ్గినా ఆ పొగ చావదు.

సువర్ణ కెమిస్ట్రీ చదివి ఆయన దగ్గర పనికి చేరింది. మొదటి రోజే నాలోకి ముక్కు దూర్చి దగ్గింది.

"ఇది దవాఖాన వాసన సారూ!"

"ముక్కు లోపట పెట్టకు బిడ్డా, మూతి కాడ ఆపు. నోరు జర తెరిచి పీల్చు" అని ఆయన రెండు నీటి చుక్కలు వేశాడు. పొగ కాస్త పక్కకు జరిగింది.

సువర్ణ కళ్లు మూసుకుంది. "ఎండుచేప... కాల్చిన మక్కబుట్ట... ఆఖరికి బెల్లం పాకం!"

గుక్కెడు నోట్లో పోసుకుని నాలుక చుట్టూ తిప్పి, మింగాక పెదాలు బిగించి మళ్లీ నా మూతి మీదికి వంగింది. మనుషులు నోరు మూసుకుని ఆనందించడం నేను చూసింది ఆ గదిలోనే.

కొన్నేళ్లకు సారు రిటైరవుతూ నన్ను ఆమెకిచ్చాడు. ఆపైన మూడేళ్లు ఆమె మాటే చివరి మాట. తర్వాత జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ, అన్నం, కాఫీ, సబ్బు, చివరికి తన కూతురి జుట్టు కూడా మాడు వాసనే వేయసాగాయి. నాలో పోసిన మాల్టు ఒక్కటే ఆమెకు మామూలుగా ఉన్నట్టు అనిపించేది. అన్నీ పొగే అయినప్పుడు ఇందులో పొగ ఎంతో, పొగ కానిది ఏదో ఎలా చెప్పాలి?

ఎవరికీ చెప్పలేదు. నన్ను ఎత్తేది, దించేది, కడిగేది, మళ్లీ ఎత్తేది. బల్ల మీద గిరగిరా తిప్పేది. నా కాలు అరిగిపోతుందేమో అనుకున్నాను. అంతలో పదకొండు పీపాలు దిగాయి. వాటిని కలపవచ్చని శుక్రవారానికి ఆమె సంతకం కావాలన్నారు. ఏడో పీపా మాల్టులో తడి గోనెసంచి కంపు ఉంది. అది విస్కీలు కలిపే తొట్టిలో పడితే సరుకంతా పాడు. నా ఒళ్లంతా పట్టిన ఆ కంపు నాకు తెలుసు. నాకు మూతి ఉంది గానీ నోరు లేదు.

గురువారం మధ్యాహ్నం నన్ను చున్నీలో చుట్టుకుని, నమూనా సీసాలతో జహీరాబాద్‌లో సారు ఇంటికి వెళ్లింది.

"నా ముక్కు పోయింది సారూ. మీరే చూసి చెప్పాలె."

ఆయన నన్ను చాలాసేపు పట్టుకున్నాడు. ఏడో పీపా వంతు కూడా వచ్చింది, పోయింది. చివరికి నన్ను అరుగు మీద పెట్టేశాడు.

"నాకేం తెలుస్తలేదు బిడ్డా."

"వయసు కదా సారూ..."

"వయసు గాదు. ఫ్యాక్టరీల ఆఖరి రెండేండ్లు నాకు పొగ తప్ప ఏం తెల్వలే. నువ్వేం చెప్తే అదే రాసి సంతకం పెట్టిన."

సువర్ణ ముఖం ఎర్రబడింది. "నాకెందుకు చెప్పలే? నేను తప్పు చెప్పి ఉంటే?"

"సిగ్గయింది. ఇంత పేరుండి, ఎట్ల చెప్పాలె?"

ఆమె మంచినీళ్లు కూడా ముట్టకుండా లేచింది. తిరుగు బస్సులో నన్ను ఎంత గట్టిగా పట్టుకుందంటే, పగులుతానేమోనని భయమేసింది.

మర్నాడు నన్ను మేనేజరు బల్ల మీద పెట్టింది. "నాకు వాసన తెలుస్తలేదు సార్. సంతకం పెట్టను."

"నీకు వాసన తెల్వదని ఎవరికి తెలుస్తదమ్మా? అన్నీ మంచి పీపాలే. పెట్టెయ్" అన్నాడాయన.

"నాకు తెల్వనిది తెలుసని రాయను."

వేరే ఊరి నుంచి ఒకాయనను పిలిపించారు. ఆయన ఏడో పీపాను పక్కన పెట్టాడు. సువర్ణను మెచ్చుకున్నవాళ్లు లేరు. ఆమెను స్టోరుకు మార్చారు. నన్నయితే ఆమె అడిగి తీసుకుంది.

అప్పటి నుంచి, పోయిన వాసన మళ్లీ వస్తుందేమోనని, భోజనాల వేళ స్టోరులో కూర్చుని లవంగం, నిమ్మతొక్క, కాఫీ గింజలు ఒక్కొక్కటే వాసన చూస్తుంది. చివర నాలో చెంచాడు పొగ మాల్టు. ఒక నోటు పుస్తకంలో ప్రతి దాని ఎదురుగా 'తెలియలేదు' అని రాస్తుంది. చిత్రమేమిటంటే, మనుషులు అంత నిజాయితీగా రాసిన పుస్తకం ఆ ఫ్యాక్టరీలో ఇంకొకటి లేదు.

తొమ్మిది నెలలు పేజీలన్నీ అదే మాటతో నిండాయి. మొన్న మంగళవారం నిమ్మతొక్కను ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయింది. దించింది. మళ్లీ ఎత్తింది. కిటికీ తెరిచి, గాలి పీల్చి వచ్చి, మూడోసారి చూసింది. 'తెలియలేదు' అని రాసి కలం మూసింది. వెంటనే కలం తెరిచి, ఆ మాట పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టింది.

తర్వాత ఆ పేజీ మీంచి కళ్లు తీయకుండానే సీసా వంచి నాలో పోయబోతే, సగం బల్ల మీద ఒలికింది.