చల్లారేదాకా

"ఇంట్లో ఉన్న చెత్త చాలదని వీధిలోది కూడా మోసుకొస్తున్నావా?" అన్నారు అత్తగారు, నా చేతిలో సంచి చూసి.

పాల ప్యాకెట్లకని వెళ్ళి, వస్తూ వస్తూ పార్కు గోడ పక్కన రాలిన నీలగిరి ఆకులు ఏరుకొచ్చాను. ఆవిడ దృష్టిలో రాలిన ఆకంటే చీపురుకి పని. ఏ ఆకులో ఏ రంగు దాక్కుందో పైకి చూస్తే తెలియదని ఆవిడకి ఎలా చెప్పను? చూడ్డానికి వెలిసిపోయినట్టుండే నీలగిరి ఆకు గుడ్డ మీద చక్కటి ఇటుక రంగు దింపుతుంది. ఎర్రగా నిగనిగలాడే ఆకు ఒక్కోసారి ఒట్టి మరక మిగిల్చి ఊరుకుంటుంది. మనుషులూ అంతే అందామనుకున్నాను గానీ, అందరి సంగతీ నాకెందుకు, మా ఇంట్లోవాళ్ళని తెలుసుకోడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఈ పిచ్చి నాకు మరక వల్లే పట్టుకుంది. మా ఆయన తెల్లచొక్కా మీద దానిమ్మ తొక్క పడి మచ్చయింది. సబ్బు, నిమ్మకాయ, సోడా, అన్నీ అయ్యాయి. "ఒక్క చొక్కా సరిగ్గా ఉతకడం రాదు" అని ఆయనా, "మా కాలంలో రాళ్ళ మీద బాదేవాళ్ళం, ఏ మరకైనా పోయేది" అని అత్తగారూ చెరో పక్క వాయించారు. చేతులు మండుతుంటే ఆ మచ్చనే చూస్తూ కూర్చున్నాను. ఇంత మొండిదాన్ని వదిలించడానికి నేనెందుకు చావాలి, కావాలనే వేస్తే ఏమవుతుంది అనిపించింది. అప్పట్నుంచీ వంటింటి పనీ, బట్టల పనీ, అత్తగారి మందుల పనీ అయ్యాక, వంటింటికీ బాత్‌రూమ్‌కీ మధ్యనున్న ఇరుకు నడవలో నా పని మొదలయ్యేది. ఉల్లిపాయ తొక్కలు ఉడకబెట్టడం, రంగు పట్టడానికి గుడ్డని పటిక నీళ్ళలో నానబెట్టడం, తుప్పు మేకులు ఊరబెట్టిన నీళ్ళలో ఆకుల్ని ముంచి అచ్చు దిగేలా ఈనెల వైపు కిందికి పెట్టి గుడ్డ మీద పరచడం. ఎన్నో గుడ్డలు పాడుచేశాను. ఎందుకు పాడయ్యాయో ఒక్కొక్కటిగా తెలుసుకున్నాను కూడా. "నీకు బోలెడంత టైమ్, మాకే లేదు ఆ అదృష్టం" అనేవారు ఆయన, సోఫాలో పడుకుని, పొట్ట మీద రిమోట్ పెట్టుకుని.

ఆయనది చెడ్డ మనసు కాదు. అందరూ అదే అంటారు, నేనూ చాలాకాలం అన్నాను. కాకపోతే మూత ఉన్నదేదీ ఆయన కంటపడకూడదు. పొయ్యి మీది కూర మూత తీసి చూస్తారు, ఆవిరంతా పోయి ముక్క ఉడక్కపోతే నన్నంటారు. నా పేరున వచ్చిన పార్సిల్ నాకంటే ముందు విప్పుతారు. మా అక్క నాకు పంపిన మెసేజ్ చదివి, భోజనాల దగ్గర అందరికీ వినిపిస్తారు. "మనలో మనకి దాపరికాలేంటోయ్?" అంటారు పైగా.

నన్ను నమ్మిన మొదటి మనిషి టైలరమ్మ. క్లినిక్‌లో మా అత్తగారి వంతు కోసం కూర్చుంటే, పక్క కుర్చీలో ఆవిడ అడగాపెట్టకుండా నా చున్నీ కొంగు పట్టుకుని, తిరగేసి చూసింది. "ఎక్కడ కొన్నావమ్మాయ్?" అంది. నేనే చేశానంటే కళ్ళద్దాలు పైకి తోసుకుని నా వేళ్ళ వంక చూసింది. గోళ్ళ కింద నలుపు చూసి నమ్మినట్టుంది. తర్వాత తన కుట్టు షాపుకి రమ్మని, పైన ఖాళీగా ఉన్న గది చూపించింది. పొయ్యి, పంపు, పెద్ద కిటికీ ఉన్నాయి. "ఒక పొడుగాటి గుడ్డ చేసి పట్రా. నా షాపు అద్దాల్లో వేలాడదీస్తా. చెయ్యి నిలకడగా ఉందనిపిస్తే ఈ గదిలో కూర్చుని నాకు పనిచెయ్యి, జీతమిస్తా" అంది. సంతోషంతో మెట్లు రెండేసి చొప్పున దిగాను. ఇంట్లో గుడ్డ సంగతి చెప్పాను గానీ గది సంగతి చెప్పలేదు.

ఆ గుడ్డకి నాకు తెలిసిందంతా పెట్టాను. నీలగిరి ఆకులు ఒక వరస, గులాబీ ఆకులు ఒక వరస, నడుమ దానిమ్మ తొక్కల పసుపు. గుడ్డని ఒక గొట్టానికి బిగించి చుట్టి, దారంతో అంగుళం ఖాళీ లేకుండా కట్టి, సెలవురోజు పొద్దున్నే పెద్ద గిన్నెలో ఆవిరికి పెట్టాను. దించాక మర్నాటిదాకా కట్టు విప్పకూడదు. పొయ్యి మీద సగం పనే జరుగుతుంది, మిగతా సగం చల్లారుతున్నప్పుడు జరుగుతుంది. ఇది నేను నాలుగైదు గుడ్డలు తగలేసి నేర్చుకున్నది. దించి, నడవలో మూల పెట్టి, మూతేసి, "దీన్నెవరూ ముట్టుకోకండి, రేపటిదాకా" అని ఇద్దరికీ వినపడేలా చెప్పాను.

మధ్యాహ్నం భోజనానికి ఆయన మేనేజరూ, మేనేజర్ భార్యా వచ్చారు. నేను వంటింట్లో చెమటలు కక్కుతుంటే హాల్లోంచి ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది. "మా ఆవిడ సైంటిస్టు సార్! ఆకుల్తో మాయ చేస్తుంది. ఉండండి, చూపిస్తా."

చేతిలో గరిటెతో నేను హాల్లోకి వచ్చేసరికి ఆయన ఆ కట్టని అక్కడికి తెచ్చి, కత్తెరతో దారాలన్నీ కోసేశారు. పొగలు కక్కుతున్న గుడ్డని గొట్టం మీంచి లాగుతుంటే ఆకులు పేస్టులా జారి, రంగు మీద రంగు పాకుతోంది. "ఇదేంటి, అలికేసినట్టుంది? కడిగితే తేలుతుందిలే" అంటూ చేతులు కడిగే సింకు దగ్గరికి తీసుకెళ్ళి, పంపు తిప్పి, సబ్బు కూడా రుద్దారు. గుడ్డకి ఇంకా పట్టని రంగంతా నా కళ్ళ ముందే జాలీలోకి దిగిపోయింది. నాకు కేకపెట్టాలనిపించింది. మేనేజర్ గారు ఉన్నారని నోరు రాలేదు.

పిండి ఆరేస్తే, బూడిద రంగు పాతగుడ్డ. "ఇంకా నేర్చుకుంటోంది లెండి" అని నవ్వారు ఆయన. "చెప్తే వింటుందా" అన్నారు అత్తగారు. మేనేజర్ భార్య నా వైపు చూసింది. అప్పుడు నేనేమన్నానో తెలుసా? "అవునండీ, నేనే ఎక్కడో పొరపాటు చేసినట్టున్నాను" అన్నాను. ఎవరూ అనమనలేదు. నోరు దానంతటదే అనేసింది.

వాళ్ళు వెళ్ళాక అంట్లు తోముతూ ఆ మాటే తలుచుకున్నాను. అది ఇవాళ పుట్టిన మాట కాదు. ఆయన స్కూటర్ తీసుకెళ్ళి గోడకి గుద్దితే, వెనక కూర్చున్న నేను కదిలానని చెప్పాం. ఉన్న ఉద్యోగం ఆయనే విసిరికొట్టి వస్తే, నాకు ఆ ఊరి నీళ్ళు పడలేదని చెప్పాం. చుట్టాలందరికీ నేను కదిలే మనిషిని, నీళ్ళు పడని మనిషిని, ఏదీ సరిగ్గా చేతకాని మనిషిని. ఆయన పరువు నిలబెట్టడం కూడా నా ఇంటిపనుల్లో ఒకటయిపోయింది.

అత్తగారు వచ్చి గుడ్డ అంచు పట్టుకుని చూశారు. గొట్టానికి అంటుకున్న వైపు, సబ్బు తగలని చోట, ఒకే ఒక్క ఆకు ఈనెలతో సహా దిగింది. "ఇది మాత్రం బాగానే వచ్చిందే" అన్నారు మెల్లిగా. "వాడు చిన్నప్పుడూ అంతే. పచ్చికాయలు మాగబెడితే, రోజూ తీసి నొక్కి చూసి పాడుచేసేవాడు." ముద్దుగా నవ్వారు.

"అప్పుడు మీరేమనేవారు అత్తయ్యా?"

"ఏమంటాం? మీ మావయ్యగారు అడిగితే, నేనే చూసుకోలేదని చెప్పేదాన్ని" అన్నారు. అన్నాక నవ్వు ఆపేసి గుడ్డ కింద పెట్టారు.

సాయంత్రం ఆయన కాస్త మెత్తబడ్డారు. "ఇంకోటి చేసుకోవచ్చులే, ఆకులేగా. ఆ టైలరమ్మకి రంగు పట్టలేదని చెప్పు. పోయేదేముంది?" అన్నారు. పోయేది నా చేతి మీద ఆవిడకున్న నమ్మకం. రంగు పట్టించడం రాదని చెప్పి, రంగు పని ఇమ్మని ఎలా అడగను? ఆవిడకి నమ్మకం పోతుందని మాత్రం అన్నాను. "అయితే నేను పాడుచేశానని ఊరంతా చాటిస్తావా? మొగుడి పరువు తీసి ఆ కుట్టుమిషనామె దగ్గర మంచి అనిపించుకుంటావా?" అన్నారు.

అంతలో ఆవిడే ఫోన్ చేసింది. ఆయన టీవీ గొంతు తగ్గించి, పక్కనే నిలబడ్డారు. రంగు పట్టలేదని చెప్పమన్నట్టు చెయ్యి ఊపుతున్నారు.

"ఏమ్మాయ్, రేపు తెస్తున్నావా?"

"లేదండీ. గుడ్డ పాడైంది."

"అయ్యో. ఏం తప్పు చేశావే?"

ఆయన చెయ్యి ఇంకా ఊగుతూనే ఉంది.

"నా తప్పేం లేదండీ. నేను సరిగ్గానే కట్టాను. మా ఆయన వేడి మీదే విప్పేసి, సబ్బు పెట్టి కడిగేశారు."

ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నేనేదో పగలగొట్టినట్టు చూస్తున్నారిద్దరూ.

"సరే, ఇంకోటి చెయ్యి" అంది టైలరమ్మ. " కానీ ఒకటి చెప్పు. ఈసారైనా ఆ ఇంట్లో ఎవరూ ముట్టుకోకుండా ఉంచగలవా?"

ఉంచగలనండీ అని చెప్పెయ్యడం నాకు అలవాటే. ఆయన వైపు చూశాను, చెప్పెయ్యమని కళ్ళతో బతిమాలుతున్నారు.

"లేదండీ, ఉంచలేను" అన్నాను. "మీ పైగదికి తాళం ఉందా?"