పొగ కక్కే క్షణం

నీలం చొక్కా కాలరుకి సబ్బు పట్టించి బ్రష్షుతో రుద్దుతోంది ఆమె. డీజిల్ జిడ్డు ఒక పట్టాన వదలదు. పెళ్ళయిన కొత్తలో ఆ వాసన పడేది కాదు. ఇప్పుడు ఆమె చేతులదే ఆ వాసన.

"రేపటితో నీకీ చాకిరీ తప్పుతుందిలే," అన్నాడు ఇంజన్ డ్రైవరైన భర్త, గుమ్మంలో నిలబడి. "కరెంటు ఇంజన్ల మీద బట్టలింత మాయవు."

దాన్ని చాకిరీ అని అతను అనడం అదే మొదటిసారి. అదీ, అయిపోయే ముందురోజు.

ఆ లైను మీద మిగిలిన డీజిల్ ఇంజన్ అదొక్కటే. తక్కినవన్నీ ఒకదాని వెనక ఒకటి తుక్కు కింద పోయాయి. కూతురు పాత కెమెరా వదిలేసి వెళ్ళినప్పటి నుంచీ, వంటకీ అంట్లకీ మధ్య దొరికిన సందులో ఆమె పట్టాల మీది వంతెన ఎక్కేది. రంగు వెలిసిన ఇంజన్ ముక్కులు, తుప్పు తిన్న మెట్లు, డ్రైవర్ల చేతులు తగిలి తగిలి నున్నబడ్డ కమ్మీలు, అన్నీ తీసింది. ఒక్కటే దొరకలేదు. ఆగి ఉన్న పాత ఇంజన్, వ్యాగన్ల బరువు అందుకుని కదిలేటప్పుడు ఒళ్ళంతా వణికి, ఒక్కసారి నల్లగా పొగ కక్కుతుంది. మరుక్షణం అది పలచబడిపోతుంది. వంటింట్లోంచి ఆ చప్పుడు ఎన్నిసార్లు విందో! బండి కదిలేది సరిగ్గా మామగారికి అన్నం పెట్టే వేళకే.

"కోడలు కెమెరా మెళ్ళో వేసుకుని వంతెనెక్కుతుంటే, పేపర్లో ఉద్యోగమొచ్చిందా అని అడుగుతున్నారు నన్ను," అనేది అత్త.

"పోనీలేమ్మా, మొగుణ్ణి చూసుకుని మురుస్తోంది," అని నవ్వేవాడు భర్త. ఆ మాటని ఆమె ఎప్పుడూ దిద్దలేదు. దిద్దితే ఆ వంతెన కూడా దక్కేది కాదు.

మర్నాడు ఖాళీ వ్యాగన్లు లాక్కెళ్ళి, పక్క యార్డులో ఇంజన్‌ని వదిలేసి రావాలి అతను. ఆ తర్వాత తోటి డ్రైవర్లకి ఇంట్లో భోజనాలు.

"కిటికీలోంచి చెయ్యూపుతా. బాగా తియ్యి, పెద్దది చేయించి హాల్లో పెడదాం," అన్నాడు ఆ రాత్రి.

తెల్లారకముందే ఆమె పొయ్యి వెలిగించి వంటంతా ముగించింది.

"జనం వచ్చే వేళకి ఎక్కడికే?" అంది అత్త.

"ఇప్పుడే వస్తానత్తయ్యా. మామయ్యగారికి ఈ పూట మీరు పెట్టండి."

వంతెన మీద గాలి ఎదురు కొడుతోంది. కింద అతను తల బయట పెట్టి చెయ్యూపాడు. హారన్ మోగింది. ఇంజన్ వణికింది. కక్కిన పొగ గాలికి వెనక్కి వాలి కిటికీని కప్పేసింది. చెయ్యి కాసేపు కనిపించి, మాయమైంది. చిటికెడు సేపు ఆగితే మనిషి బయటపడతాడు. ఇంటిల్లిపాదికీ నచ్చే ఫొటో వస్తుంది.

ఆమె నొక్కేసింది.

ఇంట్లో అందరూ తింటుండగా కెమెరా అందుకుని, వెనక తెర మీద ఫొటో చూశాడు భర్త.

"అబ్బ, ఇంజనుకి ఊపిరున్నట్టుందే!" అన్నాడు పక్కనున్న ముసలి డ్రైవరు, మెడ సాచి చూస్తూ.

భర్త ఇంకా వెతుకుతున్నాడు. "నేనెక్కడే?"

"పొగ వెనకాల ఉన్నారు."

"కాస్త ఆగి తియ్యలేకపోయావా?"

కోపం లేదు ఆ గొంతులో. చిన్నబోయాడు, అంతే. ఆమెకి జాలేసింది. మామూలుగా అయితే ఏదో ఒకటి అని సర్దేసేది. ఈసారి కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"ఆగితే పొగ పోయేదండీ. ఇన్నాళ్ళూ నేను వంతెనెక్కింది దానికోసమే."