నిన్నటిని చూపే కెమెరా

నర్మెట్ట బస్టాండు పక్కన జాన్ నడిపే నెట్ సెంటర్లో పొద్దున షట్టరు లేవగానే మొదటి పని కుర్చీ తుడవడం. రెండో పని, రేపు వీడియోలో మాట్లాడాల్సినవాళ్లను ఇవ్వాళే ఆ కుర్చీలో కూర్చోబెట్టడం. ఆయన దగ్గరున్న పాత వెబ్‌క్యామ్ నిన్నటిని చూపిస్తుంది మరి. మాట మైకులోంచి అప్పటికప్పుడే పోతుంది, బొమ్మ మాత్రం ఒకరోజు ఆలస్యం. ఊళ్లో అందరికీ అలవాటైపోయింది. తండా నుంచి హరిలాల్ ఆదివారం కూతురితో మాట్లాడాలంటే శనివారమే తెల్ల అంగీ వేసుకొని వచ్చి, కాసేపు తలాడించి, నాలుగుసార్లు నవ్వి పోతాడు. ఆదివారం తీరిగ్గా గళ్ల లుంగీలో వచ్చి మాట్లాడుకుంటాడు.

చిక్కు రూపతో వచ్చింది. రూప జాన్‌కు అక్క కూతురు. పుట్టుకతోనే వినపడదు, మాటలన్నీ చేతుల్లోనే. భూపాలపల్లిలో వినపడని పిల్లల బడికి టీచరు కావాలని ప్రకటన వస్తే దరఖాస్తు పెట్టుకుంది. వీడియోలో ఇంటర్వ్యూ. ఇదివరకు రెండు చోట్ల పాఠం చెప్పనివ్వకుండానే తిప్పి పంపారు. ఇదీ పోతే మళ్లీ పత్తి చేలకు కూలికి పోవడమే. ఫోన్‌లో కానిద్దామంటే ఆ మూల సిగ్నలు తెగి తెగి వస్తుంది. చేతులతో మాట్లాడే మనిషికి బొమ్మ ఆగితే నోరు మూసినట్టే కదా.

"అడగకముందే జవాబు ఎట్ల చెప్పాలె మామ?" అన్నాయి రూప చేతులు.

"పరేషాన్ గాకు బిడ్డ, కెమెరానే బాగుచేస్త," అన్నాడు జాన్, సగం నోటితో, సగం వేళ్లతో.

బాగుచేయడమంటే మాటలా? ఆ కంప్యూటర్ ముసలిది. కొత్త సిస్టములేవీ మోయలేకపోతే జాన్ దానికి ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాడు. ఇప్పుడు నల్ల తెర తెరిచి కమాండ్లు కొట్టాడు. కెమెరా ఉందా అంటే ఉందంది. డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. కంప్యూటర్‌కు ముందువైపున్న కెమెరా తీగను పీకి వెనక గుచ్చాడు. నెట్‌లో లినక్సువాళ్ల ఫోరంలో అడిగితే ఎక్కడివాడో ఒకాయన, "నాది మొన్నటిని చూపేది, కరెంటు పొదుపు ఆపేస్తే దారికొచ్చింది" అని జవాబిచ్చాడు. అదీ చేశాడు.

ఇంటర్వ్యూకు ముందురోజు, సరిగ్గా అదే వేళకు, పరీక్షించడానికి రూపను కెమెరా ముందు కూర్చోబెట్టాడు. పింఛను వేలిముద్రకు వచ్చిన ఓదెమ్మ పక్క కుర్చీలో కూలబడింది. పోయిన చలికాలం ఆమె చెవులు పూర్తిగా పోయాయి. అప్పటినుంచి ఇంట్లోవాళ్లు అరుస్తారు, లేదంటే అసలు పలకరించరు. రూప ఊరుకుంటుందా? సీసా చూపించి, చేత్తో 'నీళ్లు' అంది. ఓదెమ్మ వంకర వేళ్లతో తిప్పలు పడి తనూ అంది. తర్వాత 'ఆకలి', తర్వాత 'చాలు'. తప్పు పోయినప్పుడల్లా ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వుల్లో తెరవంక చూడాలని ఎవరికీ గుర్తురాలేదు.

"నాతోని గింతసేపు ఎవలు మాట్లాడిన్రే బిడ్డా!" అని ఓదెమ్మ కళ్లొత్తుకుంది.

సాయంత్రం అందరూ పోయాక జాన్ చూసుకుంటే, బొమ్మలోని గడియారం, గోడమీది గడియారం ఒకే సమయం చూపిస్తున్నాయి. "అయిపాయె, ఇగ ఢోకా లేదు!" అని చంకలు గుద్దుకున్నాడు. నిన్నటి ఆరు, ఇవ్వాళటి ఆరు ఒక్కలాగే ఉంటాయని ఆ సంబరంలో తట్టలేదు పాపం.

మర్నాడు రూప కొత్త నీలం చుడీదార్‌లో వచ్చి కూర్చుంది. తెరమీద బడి పెద్దటీచర్ మంజుల కనిపించింది. ఆమెకూ వినపడదు. "మొదటిసారి బడికొచ్చిన పిల్లకు ఎట్ల నేర్పుతవు?" అని చేతులతో అడిగింది. రూప చేతులెత్తింది. అప్పుడే తెర మూలన చిన్న గడిలో తనను తాను చూసుకుంది. నిన్నటి పసుపు చున్నీ. పక్కన ఓదెమ్మ.

"అయ్యో, నేనే ముంచితి!" అంటూ జాన్ తీగ పీకబోయాడు. రూప ఆ చెయ్యి పట్టుకుంది. మంజుల తెరకు దగ్గరగా జరిగి కన్నార్పకుండా చూస్తోంది. ఇంకేమీ అడగలేదు. నీళ్లు అడగబోయి ఓదెమ్మ 'చాలు' అన్నప్పుడు ఆమె కూడా నవ్వింది.

పాఠం అయ్యాక మంజుల చేతులు కదిలాయి.

"మా బడిల గూడ ఉండె గిసొంటి కెమెరా. ఆ అవ్వకు చెవులు పోయి ఎక్కువ రోజులు గాలేదు గదా? పిల్లలు గూడ మా దగ్గరికి అట్లనే బుగులుతోని వస్తరు. నీ దగ్గరైతే నవ్వుతరు. బడి తెరిచేనాటికి వచ్చెయ్."

రూపకు కళ్లు నిండిపోయాయి. ఏం చెప్పినా ఇప్పుడు అవతలికి కనపడదు. అది మంజులకూ తెలుసు.

"నీ జవాబు రేపు ఇదే టైముకు మళ్ల కాల్ కలిపి చూస్త. తొందరేం లేదు. మనసుల ఉన్నదంత చెప్పు," అంది.

తెర ఆరిపోయింది, కెమెరా దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. తన మాట కోసం ఒకరు రేపటిదాకా ఆగుతామనడం రూపకు ఇదే మొదటిసారి. కళ్లు తుడుచుకుంది. కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది. కెమెరాను చూస్తూ, చిన్నప్పటి నుంచి మొదలుపెట్టి చెప్పసాగింది.