కుచ్చుల్లో ఆకుపచ్చ

వాన వెలిసిన ఉదయం అమ్మమ్మ గడ్డిమైదానంలో చతికిలబడి, చేతిలోని పుట్టగొడుగును తలకిందులుగా పట్టుకుంది. ముందు కుడి కన్ను మూసి చూసింది. తర్వాత ఎడమ కన్ను మూసి చూసింది. మళ్ళీ కుడి కన్ను మూసింది.

"ఎవరికి కన్ను కొడుతున్నావ్ అమ్మమ్మా?" అంది గువ్వ.

ఇంట్లో అందరూ ఆ పిల్లను అలాగే పిలుస్తారు. కొత్తవాళ్ళు గడప తొక్కితే చాలు, గూట్లోకి దూరినట్టు లోపలి గదిలోకి పోతుందని ఆ పేరు. అమ్మమ్మ దగ్గర మాత్రం నోటికి తాళం ఉండదు.

"ఇటు రా. దీని కింద కుచ్చులు ఏ రంగులో ఉన్నాయో చెప్పు."

గొడుగు కింద సన్నటి మడతలు గుండ్రంగా పేర్చినట్టు ఉన్నాయి. కుట్టుమిషన్ ఉన్న ఇల్లు కాబట్టి ఆ ఇంట్లో వాటిని కుచ్చులనే అంటారు. గువ్వ అలా తొంగి చూసి, "తెలుపు" అంది.

"ఈ పాత కంటికి నాకూ తెలుపే. కొత్త కంటికి మాత్రం అడుగున ఎక్కడో ఆకుపచ్చ నీడ కనిపిస్తోంది."

కొత్త కన్నంటే ఎడమది. ఈమధ్యనే దానికి శుక్లం తీశారు. కుడి కంటికి ఇంకా తీయాలి. మిగతా అన్నిటిలోనూ ఆ గొడుగులు ఏటా తెచ్చుకునే వాటిలాగే ఉన్నాయి. తెల్లటి టోపీ, దాని మీద గోధుమరంగు పొలుసులు, కాడకు వదులుగా ఒక ఉంగరం. అమ్మమ్మ వాటిని బుట్టలో వేసింది గానీ, ఇంటికి వచ్చేదాకా ఒకదాన్ని తీసి తిప్పి తిప్పి చూస్తూనే ఉంది.

అమ్మ మిషన్ ఆపి, సంగతంతా విని, పంటి కింది దారం తెంపింది.

"ఒక కంటికి తెలుపు, ఒక కంటికి ఆకుపచ్చ. తినేవాళ్ళు ఏ కంటిని నమ్మాలమ్మా?"

"అదే నాకూ తెలియడం లేదు."

"ఇక ఈ గొడుగుల పని మానెయ్. ఇన్నేళ్ళు తెచ్చావు, చాలు." అమ్మ బుట్టను చెత్తబకెట్లో బోర్లించింది. గట్టిగా అనలేదు. అయినా గువ్వకు మనసు చివుక్కుమంది.

అమ్మమ్మ నొచ్చుకోలేదు. నెమ్మదిగా అంది: "నువ్వన్నది నిజమేనే. బాగు చేస్తామని చెప్పి, లేని రంగులు చూపించే కన్ను పెట్టారు. రెండో కంటిని ఎవర్నీ ముట్టుకోనివ్వను. మసకైనా అది నా కన్ను. అబద్ధం చెప్పదు."

అమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆలస్యం చేస్తే ఆ కంటిచూపు పూర్తిగా పోతుందని డాక్టరు చెప్పి ఉన్నాడు. అమ్మ బతిమాలింది, కోప్పడింది, చివరికి ముక్కు చీదింది. అమ్మమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది.

ఎవరూ చూడకుండా గువ్వ బకెట్లోంచి ఒక గొడుగు తీసింది. బడిలో సైన్సు టీచరు దగ్గర మైక్రోస్కోపు ఉంది. అడిగితే ఆవిడ చెబుతుంది. అడగడమే కష్టం.

ఆ ఇంట్లోంచి ఒక్క దారప్పోగు వేలాడుతున్న జాకెట్టు కూడా బయటికి పోదు. పరాయివాళ్ళకు చూపించే వస్తువు శుభ్రంగా ఉండాలన్నది అమ్మ పట్టుదల. అందుకని గువ్వ గొడుగును కుళాయి కింద రుద్ది రుద్ది కడిగింది. పొలుసులు గీకేసింది. వదులుగా ఉన్న ఉంగరాన్ని దారం కొసలా కత్తిరించింది. మట్టి అంటిన మొదలును కోసేసింది. తుడిచి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుంది.

స్టాఫ్‌రూమ్ తలుపు పట్టుకుని నిలబడితే టీచరు తలెత్తింది. "లోపలికి రామ్మా. నువ్వు వదిలేసినా ఆ తలుపు పడిపోదులే."

గువ్వ డబ్బా ముందుకు చాచింది. టీచరు మూత తీసింది.

"దీన్ని ఎవరైనా తిన్నారా?"

"లేదు టీచర్."

"మంచిది. తినకండి." గొడుగును అటూ ఇటూ తిప్పింది. "స్నానం చేయించావా దీనికి?"

"అవును టీచర్."

"తల కూడా దువ్వినట్టున్నావ్."

గువ్వ చెవులు ఎర్రబడ్డాయి. టీచరు నవ్వి, పక్కనున్న కుర్చీ లాగింది. "నువ్వు తీసేసింది మురికి కాదమ్మా, దాని ఆనవాళ్ళు. పొలుసులు, ఉంగరం, మొదలు, కుచ్చుల మధ్య ఉండే పొడి. అవి చూసే కదా ఎవరో ఏమిటో పోల్చుకోవాలి?"

అయినా ఒక చిన్న ముక్క తుంచి, నీటిబొట్టులో పెట్టి, మైక్రోస్కోపు కింద చూసింది. "పొడి రేణువులు ఒకటీ అరా కనిపిస్తున్నాయి గానీ, ఇంతదానికే చెప్పలేను. కడగనిది ఇంకొకటి ఉంటే, కుచ్చులు కిందికి వచ్చేలా తెల్లకాగితం మీద పెట్టి గిన్నె బోర్లించు. రాలిన పొడి రంగు చూస్తే సగం సంగతి తేలిపోతుంది. అది సరే, పారేయక ఇంత తిప్పలెందుకు పడుతున్నావ్?"

గువ్వ నేల చూపులు చూస్తూనే గబగబా చెప్పేసింది. "మా అమ్మమ్మ కొత్త కన్ను అబద్ధం చెబుతోందో లేదో తెలియాలి టీచర్. తెలియకపోతే రెండో కంటికి ఆపరేషన్ చేయించుకోదు, ఆ చూపు పోతుంది."

బయటివాళ్ళతో అంత మాట ఎప్పుడూ మాట్లాడలేదు. టీచరు నవ్వలేదు. "అయితే తప్పకుండా తెలుసుకుందాం" అంది.

ఇంటికి వచ్చేసరికి చెత్తబండి వచ్చి వెళ్ళిపోయింది. ఖాళీ బకెట్ చూసి గువ్వ అక్కడే కూలబడి ఏడ్చింది.

"ఒక గొడుగు కోసం ఇంత ఏడుపా?" అమ్మమ్మ వంగి, మిషన్ బల్ల కింద గుడ్డపేలికల వెనకనుంచి ఏదో జాగ్రత్తగా లాగింది. తెల్ల లైనింగు ముక్క మీద బోర్లించిన గిన్నె. "నేనొకటి దాచుకున్నాను. సాయంత్రానికైనా కొత్త కంటికి కూడా తెల్లబడుతుందేమో, అప్పుడు తీసి చూద్దామనుకున్నా. ఈగలు వాలకుండా గిన్నె మూశా."

గువ్వ గిన్నె ఎత్తింది. గొడుగును రెండు వేళ్ళతో మెల్లగా పైకి లేపింది.

గుడ్డ మీద చక్రం గీసినట్టు పొడి రాలి ఉంది. ఒక్కో కుచ్చు అచ్చు ఒక్కో గీతగా పడింది. ఎండకు వెలిసిన ఆకుపచ్చ దారం రంగు.

అమ్మ మిషన్ మీంచి లేచి వచ్చింది. ఒక కన్ను మూసి చూసింది. రెండోది మూసి చూసింది.

"నాకు రెండు కళ్ళకీ ఆకుపచ్చే కనిపిస్తోందమ్మా" అంది. తర్వాత చాలాసేపు అమ్మమ్మ భుజం మీద చెయ్యి తీయలేదు.

మర్నాడు అమ్మమ్మ కూడా ఆ గొడుగునూ గుడ్డనూ పట్టుకుని బడికి వచ్చింది. టీచరు ఆ పొడిని సూదిమొనతో తీసి గాజుపలక మీద పెట్టి, ముందు గువ్వను చూడమంది. మందపాటి పెంకుతో, లేత రంగులో, గుడ్ల ఆకారంలో ఉన్నాయి ఆ పొడి రేణువులు, గొడుగుకు విత్తనాల్లాంటి సిద్ధబీజాలు. ఒక్కోదాని కొస ఎవరో కత్తిరించినట్టు చదునుగా ఉంది.

"కొస చదునుగా ఉందా? పొడి ఆకుపచ్చ, కాడ నున్నగా ఉంది, ఉంగరం జరుగుతోంది. ఇక అనుమానం లేదు" అంది టీచరు. "మీరు ఏటా తినేదానికి పోలికల్లో అక్కచెల్లెలు. కానీ ఇది తింటే వాంతులతో ఇల్లంతా మంచం పడుతుంది. దాని పొడి తెలుపు, దీనిది ఆకుపచ్చ. లేతగా ఉన్నప్పుడు కుచ్చులు రెండింటికీ తెల్లగానే ఉంటాయి. రంగు అప్పుడప్పుడే దిగుతున్నప్పుడు పట్టుకున్నారు మీరు."

"మరి నాకెందుకు కనిపించలేదు టీచర్? నా కళ్ళు బాగానే ఉన్నాయిగా" అంది గువ్వ.

"నువ్వెంతసేపు చూశావ్?"

గువ్వ గతుక్కుమంది. "అలా తొంగి చూశానంతే."

"మీ అమ్మమ్మ?"

అమ్మమ్మ సిగ్గుపడి చెంగు సర్దుకుంది. "పాత కంటికి ఎంతసేపు చూసినా కనపడలేదమ్మా."

"శుక్లం పట్టిన కన్ను పసుపు గాజులోంచి చూసినట్టు చూస్తుందండీ. ఇంత లేత రంగు అందులో మునిగిపోతుంది. కొత్త కన్ను లేనిది చూపించలేదు. ఉన్నదే చూపించింది."

అమ్మమ్మ మైక్రోస్కోపు దగ్గరికి వంగి ఆగింది. "ఏ కన్ను పెట్టాలే గువ్వా?"

"కొత్తది" అంది గువ్వ.

తిరిగి వస్తుంటే మైదానం దగ్గర అమ్మమ్మ ఆగింది. ఎడమ కన్ను మూసి, పాత కంటితో గడ్డినీ ఆకాశాన్నీ నిదానంగా చూసింది.

"ఏం చూస్తున్నావ్?"

"మీ అమ్మతో చెప్పి డాక్టరు దగ్గర రోజు ఖాయం చేయించుకోవాలి కదా. ఆ తర్వాత ఇది ఇలా కనిపించదు. పోయేముందు ఒకసారి చూసుకుంటున్నా." గువ్వ వైపు తిరిగింది. "ఈ కంటికి నువ్వు బంగారు బొమ్మలా ఉన్నావ్."

"ఆ కంటికో?"

అమ్మమ్మ కన్ను మార్చి, దగ్గరికి వచ్చి పరీక్షగా చూసింది.

"ఆ కంటికి ముక్కు మీద మొటిమ కనిపిస్తోంది" అని, ఆ మొటిమ మీదే ముద్దు పెట్టుకుంది.