మడిచి వదిలిన గుడ్డ

డ్రైవరు పొట్ట స్టీరింగుకు ఆనుతోందనీ, ఒళ్ళు తగ్గకపోతే బస్సు చేతికివ్వరనీ డిపో డాక్టరు తేల్చి చెప్పాడు. ఆ మాట చెవిన పడ్డప్పటినుంచి అతని భార్యకు తిన్నది ఒంటబట్టలేదు. చంకలో నడక రాని పాప, ఇంట్లో ఒక కుట్టుమిషను. ఈ మనిషికేదైనా అయితే తమ గతేమిటి?

ఇక కంకణం కట్టుకుంది. పొద్దున్నే మొగుణ్ణి లేపి వీధి చివరిదాకా నడిపించేది. కంచంలో సగం తగ్గించేది. నూనె సీసా అతనికి కనబడని అరలోకి ఎక్కింది.

"డ్రైవర్నే నేను. నడిపించి నడిపించి కండక్టర్ని చేసేశావు," అని అతను మూలిగేవాడు.

"ముందు మీ పొట్ట ఇంట్లోకొస్తోంది, ఆ తర్వాత మీరొస్తున్నారు. ఇద్దరికీ వండలేను," అనేది ఆమె.

మొదట్లో ఏమీ కదల్లేదు. తర్వాత యూనిఫాం ప్యాంటు జారడం మొదలెట్టింది. ఆమె సంబరపడిపోయి నడుము కుట్టు విప్పి బిగించింది. మిగిలిన గుడ్డను కత్తిరించలేదు, లోపలికి మడిచి వదిలింది. చిన్నప్పుడు తన చదువు మానిపించి మిషను ముందు కూర్చోబెట్టిన రోజుల్లో మేనత్త నేర్పిన పద్ధతి అది. మనిషి ఒళ్ళు ఎప్పుడెటు పోతుందో తెలీదు, గుడ్డ ఉంచాలి.

వానలు తగ్గుముఖం పట్టేలోగా అదే ప్యాంటు మళ్ళీ మళ్ళీ బిగించింది.

"ఏం మందు పెట్టావే ఆయనకి? మా ఇంటాయనక్కూడా కాస్త పంపు," అంది పక్కింటి పిన్ని.

"మందేం లేదు పిన్నీ. నోరు కట్టేశానంతే," అంది ఆమె గర్వంగా.

ఒకరోజు అతను కంచంలోంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఆకలెయ్యట్లేదే."

"అలవాటు పడ్డారు. మంచిదేగా," అంటూ ఆమె కంచం తీసేసింది.

కొత్తగా కుట్టిన చొక్కా కాలరు అతని మెడ చుట్టూ బోలుగా నిలబడింది. నడిచి తగ్గిన మనిషికి ముందు పొట్ట తగ్గాలి గానీ మెడా భుజాలూ ఇలా జారిపోవని ఆమె చేతులకు తెలుసు. అయినా తన కటింగే తప్పిందనుకుంది. తనను తానే తిట్టుకుంటూ గుండీ జరిపి కుట్టింది.

బస్సు దిగుతూ మెట్టుమీదే కూలబడ్డాక అతన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. కడుపులో గడ్డ. చాలా దూరం పాకిందన్నారు.

"ఎన్నాళ్ళనుంచి తినట్లేదమ్మా?" అనడిగాడు అక్కడి డాక్టరు. ఆమె పాప జుట్టు సవరిస్తూ నిలబడిపోయింది.

చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. ఇప్పుడామె అన్నం మెత్తగా పిసికి, చెంచాతో పట్టుకుని బతిమాలుతోంది.

"ఇంకొక్కటి. పాప చూస్తోంది, మింగండి."

"తింటానన్నప్పుడు లాక్కున్నావు," అని నవ్వబోయాడు. ఆమె మొహం చూసి ఆగాడు. "ఊరికే అన్నానే. నువ్వు నడిపించకపోతే ఇంతకు ముందే పోయేవాణ్ణేమో."

మధ్యాహ్నం అతను కునుకు తీసి లేచేసరికి ఆమె ఒళ్ళో యూనిఫాం ప్యాంటుంది. చేతిలో బ్లేడుంది.

"మళ్ళీ బిగిస్తున్నావా?"

"వదులు చేస్తున్నా. మీరు ఒళ్ళు చేశాక పట్టొద్దూ?"

అతను చెయ్యి చాచి ఆ ప్యాంటు నడుము తడిమాడు.

"అయితే మొత్తం విప్పెయ్. ఈసారి బాగా లావవుతాను."

ఆమె తల వంచుకుని దారాలు లాగింది. ఒక్కో కుట్టూ ఊడి, లోపల మడిచిన గుడ్డ బయటికొచ్చింది. ఎండ తగలని ఆ గుడ్డ కొన్ననాటి ముదురు రంగులో, ఇంకా కొత్తగా ఉంది.