పూలి అల్లిన టోపీ

మరుగుతున్న నీళ్లలోంచి గాజు సిరంజీలను పట్టకారుతో తీసి ట్రేలో పేరుస్తోంది పూలి. చర్ల దవాఖానాలో ఆమె ఆయా. ఫినాయిలుకు వేళ్ల చివర్లు పగిలి తెల్లగా పొలుసులు కట్టాయి. భర్త పోయాక ఈ పనిలో చేరింది. పిల్లలు లేరు. ఇక్కడ పుట్టిన బిడ్డలకు తొలి స్నానం ఆ చేతులతోనే. తర్వాత బిడ్డ తల్లి ఒడిలోకి వెళ్లేది, పూలి నేల కడగడానికి వెళ్లేది.

మొన్న పుట్టిన కోయపిల్ల నెలలు నిండకుండానే వచ్చింది. తల పూలి అరచేతిలో ఇమిడిపోతుంది. తండ్రి బొజ్జయ్య పొద్దున్నే ఎడ్లబండి కట్టుకొచ్చాడు.

"పొద్దు గూకకముందే అడవి దాటాలె సిస్టరమ్మా," అన్నాడు.

నర్సు రజియా బిడ్డ నుదురు తాకి చూసింది. "పాలు మంచిగనే తాగుతుంది, తీస్కపో. గానీ గీ చలిల తలకు ఉన్నిటోపీ లేంది కదలొద్దు."

అంత చిన్న టోపీ చర్ల కొట్లలో దొరకదు. రజియా సంచిలో ఎర్ర ఊలు, రెండు పొడుగు సూదులు ఉన్నాయి. బయట జ్వరాల వాళ్ల వరుస వరండా దాటింది. ఆమె సూదులు పూలికి ఇచ్చింది.

"నాకు తీరదు పూలక్కా. నువ్వే అల్లు."

"నేనా? నాకేమొస్తది?"

"ఒక్క కుట్టు వస్తే చాలు. పట్టీ అల్లియ్యి, టోపీ లెక్క నేను కుట్టిస్త."

మొదటి వరుస తనే వేసి చూపించింది. "గీ ఉచ్చుల సూది గుచ్చు. దారం తిప్పు. గుంజు. పాతదాన్ని విడువు. గంతే."

పూలి గుచ్చింది. దారం జారిపోయింది. మళ్లీ గుచ్చితే ఉచ్చు బిగుసుకుని సూది కదల్లేదు. నుదుట చెమట పట్టింది. మరోసారి తిప్పి మెల్లగా లాగేసరికి, ఎర్రటి ఉచ్చు ఒకటి బయటికొచ్చి సూది మీద నిలబడింది.

"వచ్చింది! సిస్టరమ్మా, వచ్చింది!"

వరుసలో వాళ్లంతా తిరిగి చూశారు. నోట్లో థర్మామీటరున్న ముసలాయన కూడా నవ్వాడు.

గుచ్చు, తిప్పు, గుంజు, విడువు. పూలి పెదవులు కదులుతూనే ఉన్నాయి. మధ్యాహ్నానికి పట్టీ సన్నబడింది, మధ్యలో చిల్లులు పడ్డాయి. రజియా చూసి సగం దాకా ఊడదీసింది.

"మల్ల జేస్త," అంది పూలి, ఆమె అడగకముందే.

ఈసారి వేళ్లు వాటంతటవే నడిచాయి. సద్దన్నం మూట విప్పలేదు. ఆమె కడిగిన నేల ఏనాడూ గంటసేపు శుభ్రంగా ఉండలేదు. ఇది మాత్రం ఆమె చేతుల్లో పెరుగుతోంది, పెరిగింది పెరిగినట్టే ఉంటోంది.

బొజ్జయ్య ఎడ్లను కాడికి కట్టాడు. "పొద్దు వాలుతుంది ఆయమ్మా!"

"జర ఆగు! ఒక్క వరుస!"

రజియా పట్టీని చుట్టి అంచులు కుట్టి, పైన దారం బిగించింది. ఒక పక్క కొంచెం వంకర పోయింది. పూలి దాన్ని బిడ్డ చెవుల కిందికి దించింది. బిడ్డ ఆవులించి, నిద్రలోకి జారుకుంది.

"నేనల్లిన! నేనే!" కాంపౌండరుకు చెప్పింది, వరుసలో వాళ్లకు చెప్పింది, ఎడ్లక్కూడా చెప్పింది.

తల్లికి తెలుగు రాదు. ఉన్నన్నాళ్లూ పూలితో ఒక్క మాటా మాట్లాడలేదు. నీళ్లతొట్టి దగ్గరికి వెళ్లి, లోపలికొకసారి పోయొచ్చి, బిడ్డను ఎత్తుకుని బండెక్కింది. మట్టిబాట మలుపులో బండి చెట్ల మధ్యకు వెళ్లిపోయింది.

పూలి లోపలికొచ్చింది. ఊరివాళ్లు డాక్టరుకు తేనె తేవడం, నర్సుకు కోడి తేవడం ఆమె ఎరుగును. ఆయాకు ఎవరూ ఏదీ తెచ్చింది లేదు. ఆమె అల్లుతూ కూర్చున్న స్టూలు మీద మోదుగాకు పొట్లం ఉంది. లోపల ఉసిరికాయలు, ఎవరో ఇప్పుడే కడిగి పెట్టినట్టు తడితడిగా.