ఉష్ బాబాయి

రేకుల మేస్త్రీ సుత్తి ఎత్తేసరికి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక చేతి చూపుడువేలు పెదాల మీద ఉంది, రెండో చేతిలో టీ గ్లాసు. ఆ గ్లాసు ముందుకు చాపాడు.

"పొద్దున్నే తయారయ్యావా బాబాయ్," అన్నాడు మేస్త్రీ సుత్తి దించుతూ. "ఇవాళ ఎంతసేపు?"

"ఒక్క పాటే. వేణువు ఆయన. నువ్వు టీ తాగేలోపు అయిపోతుంది."

"నీ ఒక్క పాట నాకు తెలీదా? పోయినసారీ ఇలాగే అన్నావు. గడ్డం గీసుకుని వస్తే, నీ పాట అయ్యేలోపు మళ్ళీ పెరిగింది."

అంటూనే టీ అందుకుని, సగం వంగిన రేకు మీద గుడ్డ కప్పి కూర్చున్నాడు.

ఆ సందులో అందరూ ఆయన్ని ఉష్ బాబాయి అంటారు. ఆయనకంటే పెద్దవాళ్ళదీ అదే పిలుపు, పసిపిల్లలదీ అదే. పొట్టి మనిషి. జుట్టు చెవుల పక్కన మాత్రమే మిగిలింది. నేల నిద్రపోతోందేమో అన్నట్టు ముందు మునివేళ్ళు ఆనించి, తరవాత మడమ దించుతాడు. పుట్టుకతో వచ్చిన నడక కాదది, ఉద్యోగంతో వచ్చింది.

సందు చివర ఉన్న పాత గిడ్డంగిని రికార్డింగు హాలుగా మార్చారు. మందపాటి గోడలు, ఎత్తైన కప్పు. లోపల చిటిక వేస్తే ఆ చిటిక కాసేపు గాలిలో నిలబడుతుంది. దాని కోసమే సంగీతకారులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కానీ కిటికీలు పాతవి. సందులో ఎవరు తుమ్మినా లోపల మైకు వింటుంది. కాగితాల మీద ఆయన కాపలాదారు. చేరిన రోజున యజమాని ఒక్కటే చెప్పాడు: "దొంగలొస్తే రానీ. చప్పుడు మాత్రం రాకూడదు."

మొదటి వారం కర్ర పట్టుకుని, చప్పుడు చేసినవాడినల్లా గద్దిస్తూ సందంతా తిరిగాడు. చివరికి రికార్డులో పడింది ఆయన అరుపే. యజమాని దాన్ని ఆయనకే వినిపించాడు. తన గొంతు అంత కటువుగా ఉంటుందని ఆయనకి అప్పుడే తెలిసింది. మర్నాడు కర్ర పొయ్యిలో పెట్టి, టీ గ్లాసు పట్టుకున్నాడు.

మేస్త్రీ తరవాత మేడ మీది పిన్నిగారు. ఆవిడ కుక్కరు ఈల వేస్తే వీధి మలుపు దాకా వినపడుతుంది. ఆయన మెట్లెక్కి వెళ్ళేసరికి ఆవిడ స్టవ్వు ఆర్పేసి, సూదులూ దారం ముందేసుకుని కూర్చుంది.

"నీకోసమే చూస్తున్నా. నీ పాటలు నాకొద్దు గానీ, ఈ సూదులు మాత్రం ఎక్కించు నాయనా. నా కళ్ళకి బెజ్జం ఆనట్లేదు."

ఆయన కిటికీ దగ్గర కూర్చుని, నాలిక చివరతో దారం తడిపి, ఆవిడకి వారానికి సరిపడా సూదులు ఎక్కించి దిండుకి గుచ్చాడు. కిందికి వచ్చి రికార్డింగు హాలు మెట్టు మీద కూర్చుంటే వీధికుక్క వచ్చి ఆయన పాదాల మీద గడ్డం ఆనించింది. చెవుల వెనక గోకినంతసేపూ అది మొరగదు. గుమ్మం పైన ఎర్రలైటు వెలిగింది. లోపల వేణువు మొదలైంది.

ఆయన విన్న సంగీతమంతా ఇలాంటిదే. తలుపు అవతలి నుంచి, పక్క వీధిలో ఎవరో తలుచుకుంటున్నట్టు వచ్చేది. ఎవరెవరో మహామహులు లోపల వాయించి వెళ్ళారు. వాళ్ళ ముఖాలకంటే వాళ్ళ రోజున సందు ఎలా ఉందో ఆయనకి బాగా గుర్తు. ఫలానా పియానో ఆయన వచ్చిన రోజు పిన్నిగారికి జలుబు, తుమ్ము వచ్చినప్పుడల్లా ఆవిడ ముఖం దిండులో దాచుకుంది. ఇలాంటివి.

లైటు ఆరింది. రికార్డింగు ఇంజనీరు తలుపు తీసి తల ఊపాడు. ఆయన లేచి, సందు నడిమధ్యకి వెళ్ళి, రెండు చేతులూ పైకెత్తి, "ఆఁ, కానివ్వండీ!" అన్నాడు. సుత్తి పడింది. కుక్కరు ఈలేసింది. కుక్క ఎవరినో చూసి మొరిగింది. రోజు మొత్తంలో ఆయనకి బాగా నచ్చే ఘడియ అదే. చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా ఇంటికి వచ్చేస్తాయి.

"బాబాయ్, మధ్యాహ్నం పురస్కారాల సభకి ఆలస్యం చెయ్యకండి," అన్నాడు ఇంజనీరు. "మన రికార్డు పేరు కూడా చదువుతారు."

"చదివితే చాలా, ఇస్తారా?"

"ఇస్తే ఇస్తారు. మీరైతే రండి. వయొలిన్ అమ్మగారు మరీ మరీ చెప్పారు."

దేశం మొత్తానికీ ఏటా ఒకసారి ఇచ్చే శాస్త్రీయ సంగీత పురస్కారాలవి. పాడినవాళ్ళకీ వాయించినవాళ్ళకీ ఇస్తారు, ఆ ఏడాది వచ్చిన రికార్డులకీ ఇస్తారు. ఈసారి రికార్డుల వరసలో వయొలిన్ అమ్మగారిది ఉంది. అది ఈ హాల్లోనే తయారైంది.

పోయిన వానాకాలం ఆవిడ వచ్చారు. వేళ్ళ కణుపులు వాచిపోతున్నాయి, ఇక మీదట వాయించలేను, ఇదే ఆఖరిదని ముందే చెప్పేశారు. ఎర్రలైటు వెలిగిన కాసేపటికి వాన మొదలైంది. ఎదురుగా మేస్త్రీ షెడ్డు రేకుల కప్పు డప్పులా మోగబోతోంది. ఆయన కొట్టు కొట్టుకీ పరిగెత్తి గోనెసంచులు పోగేశాడు. మేస్త్రీ నిచ్చెన పట్టుకుంటే తను పైకెక్కి ఒక్కొక్కటీ పరిచాడు. ఒక మూల సంచులు చాలలేదు. అక్కడ తనే బోర్లా పడుకున్నాడు. "బాబాయ్, నా రేకు సొట్టపోతుంది," అని మేస్త్రీ కింద నుంచి గుసగుసగా మొత్తుకున్నాడు. వాన ఆయన వీపు మీద చప్పుడు చెయ్యకుండా పడింది. పాట అయ్యాక వయొలిన్ అమ్మగారు బయటికి వచ్చి, కప్పు మీద నుంచి దిగుతున్న, బురదా పీచూ అంటుకున్న మనిషిని చూశారు. తన శాలువా తీసి కప్పారు. ఇప్పుడు రెండు పాసులు పంపించారు.

*

ఇంటికి వెళ్ళేసరికి ఆయన భార్య అద్దం ముందు ఉంది. నేత మిల్లులో మరమగ్గాల మధ్య పనిచేసి రిటైరైన మనిషి. చెవి కాస్త మందం. ఆమె గుసగుసలాడినా పక్కింటివాళ్ళు తలుపు తీసి "పిలిచారా?" అని అడుగుతారు. పగలంతా సందు నోరు మూయించి వచ్చే ఆయనకి ఆ గొంతు, స్నానానికి వేన్నీళ్ళు దొరికినట్టు ఉంటుంది. కూతురు చిన్నప్పుడు బడిలో మీ నాన్న ఏం చేస్తారని అడిగితే, "మా నాన్న బాగా పనిచేస్తే ఏమీ వినపడదు," అని చెప్పిందట. ఇప్పుడు వేరే ఊళ్ళో పంతులమ్మ. ఇందాకే ఫోను చేసి, "అమ్మని అదుపులో పెట్టు నాన్నా," అని నవ్వింది.

"ఏమండోయ్! ఈ కోటు వేసుకోండి. చేతులు పొడుగైతే మడిచి కుట్టాను."

"చూడు," అన్నాడాయన కోటులో దూరుతూ. "అక్కడ మాట్లాడకూడదు. చప్పట్లు కొట్టమన్నప్పుడే కొట్టాలి."

"నేనెప్పుడు మాట్లాడానండీ?" అందామె. పక్కింట్లో నిద్రపోతున్న చంటిబిడ్డ లేచి ఏడ్చింది.

పురస్కారాల హాలు మెట్లు ఎత్తుగా ఉన్నాయి. సగంలో ఆయన ఆగి, పక్కనున్న కమ్మీ పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. "కోటు బిగుతు," అన్నాడు. ఆమె పైబొత్తాం విప్పింది. లోపల ఎర్ర మఖమలు కుర్చీలు. కూర్చుంటే కాళ్ళు నేలకి అందీ అందకుండా ఉన్నాయి. వేదిక మీద బల్ల, బల్ల మీద వరసగా కంచు బొమ్మలు. ఒక్కో పేరూ చదవడం, ఆ రికార్డు నుంచి కాస్త వినిపించడం, కవరు చించడం. ఎవరో ఏడ్చారు. ఎవరో తమ గురువు పేరు మర్చిపోయి నాలిక కరుచుకున్నారు. ఆయన మాత్రం తలుపులు చూస్తున్నాడు. మంచి తలుపులు. అంచులకి రబ్బరు వేశారు.

అప్పుడు మొదలైంది చప్పుడు. కీచ్, కీచ్, కీచ్. వెనక వరసలోంచి ఒక పాప దారిలోకి దిగింది. అడుగు వేస్తే కూసే బూట్లు తొడిగారు దానికి. తను నడిస్తే లోకం కూస్తోందని తెలిసిన ఆనందం దాని ముఖం నిండా ఉంది. తల్లి వంగి పట్టుకోబోతే విదిలించుకుని ఏడుపు ఎత్తుకుంది. వేదిక మీద ఒక కుర్రాయన పియానో ముందు అప్పుడే కూర్చుంటున్నాడు.

"పియానో దగ్గర ఉన్నది పాప నాన్నేనా?" అని ఆయన ఆ తల్లిని అడిగాడు. ఆమె కళ్ళనీళ్ళతో తల ఊపింది.

"అయితే నువ్వు కూర్చోమ్మా. నేను ఆడిస్తాను."

"అయ్యో, మీరు చూడాలి కదండీ!"

"నాకు తలుపు బయటే అలవాటు," అని పాపని ఎత్తుకున్నాడు. అది ఎందుకో ఏడుపు ఆపి, ఆయన బట్టతల మీద చెయ్యి వేసింది. భార్య వైపు చూస్తే ఆమె, ఎంతో కష్టం మీద, పెదాలు బిగించుకుని నవ్వింది.

బయట పొడవాటి వసారా. తివాచీ పరిచారు. పెద్ద కిటికీల్లోంచి సాయంకాలపు ఎండ ఏటవాలుగా పడుతోంది. తలుపు దగ్గర యూనిఫారంలో ఒక నడివయసు ఆయన నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, ఒకే పనివాళ్ళని గుర్తుపట్టినట్టు తలలు ఊపుకున్నారు. ఉష్ బాబాయి బెంచీ మీద కూర్చుని పాప బూట్లు విప్పి, చెరొక కోటు జేబులో వేసుకున్నాడు. అది వట్టికాళ్ళతో తివాచీ మీద ఎండ పడిన చోటల్లా నిలబడింది. ఆయన దాని వెనకే వంగి నడిచాడు. అవతల పియానో, ఎప్పటిలాగే, పక్క వీధిలోంచి వస్తోంది. పియానో ఆగేసరికి పాప ఆయన భుజం మీద నిద్రపోయింది. మెడ మీద వెచ్చటి ఊపిరి, కాస్త చొల్లు.

లోపల పేర్లు చదివారు. కొద్దిసేపు ఏమీ వినపడలేదు. తరవాత సన్నగా వయొలిన్. ఆయన కదలకుండా నిలబడ్డాడు. ఆ రోజు కప్పు మీద పడుకున్నప్పుడు వాన మధ్యలోంచి విన్నది ఇదే. ఇప్పుడు వాన లేదు. ఎంత వెతికినా లేదు.

చప్పట్లు. ఆ తరవాత ఆవిడ గొంతు, మాటలు తెలియకుండా. ఉన్నట్టుండి యూనిఫారం ఆయన తలుపు సందులోంచి తల వెనక్కి లాగి, కళ్ళు పెద్దవి చేసుకుని వచ్చాడు.

"అయ్యా, రికార్డింగు హాలు దగ్గర రేకుల మీద పడుకున్నది మీరేనా? వాన వినపడకుండా చేసిన మనిషి ఎక్కడున్నాడు, లేచి నిలబడమనండి అంటున్నారు లోపల. తొందరగా రండి!"

ఆయన తన భుజం మీదికి కళ్ళతో చూపించి, పెదాల మీద వేలు పెట్టాడు. "ఉష్. ఇప్పుడే పడుకుంది."

"నేను పట్టుకుంటానండీ..."

"చేతులు మారితే లేస్తుంది. పోనీలెండి. అన్నారుగా ఆవిడ, వినేశాను."

అప్పుడు, రబ్బరు అంచుల మంచి తలుపులు దాటుకుని, వెయ్యి మంది మధ్యలోంచి ఒకే ఒక్క గొంతు వచ్చింది: "బయటున్నారండీ! ఎవరి పిల్లనో ఆడిస్తున్నారు!" హాలంతా గొల్లుమంది. నవ్వు మీద చప్పట్లు, చప్పట్ల మీద మళ్ళీ నవ్వు. ఆయన కూడా నవ్వాడు. పాప ఉలిక్కిపడకుండా, పొట్టతో మాత్రమే నవ్వాడు.

"మీవాళ్ళా?" అన్నాడు యూనిఫారం ఆయన.

"ఇంకెవరు," అన్నాడాయన గర్వంగా.

కొద్దిసేపటికి పాప తల్లి మెల్లగా వచ్చి బిడ్డని అందుకుంది. ఆయన ఒక బూటు తీసి ఇచ్చాడు. రెండోదాని సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఆమె దణ్ణం పెట్టబోతే చేతులు ఖాళీగా లేవు. బదులుగా, నవ్వింది. ఆయన బెంచీ మీద గోడకి ఆనుకుని కూర్చుని, కోటు విప్పి పక్కన పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

గుండె ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలీదు. ఏ చప్పుడూ కాలేదు.

సభ ముగిశాక అందరికంటే ముందు భార్య పరుగున వచ్చింది. చెప్పాల్సింది నోటినిండా ఉంది. ఆయన ముఖం చూసి ఆగింది. ఆ నిద్ర అంత హాయిగా ఉంది మరి. పక్కన కూర్చుని, బయటికి వస్తున్న జనానికి నెమ్మదిగా వెళ్ళమని చెయ్యి ఊపింది. గొంతులు తగ్గించుకుని, అడుగులు తేలిక చేసుకుని ఆయన ముందు నుంచి వెళ్ళారు వాళ్ళు, ఆ ఏడాది పురస్కారాలు పొందినవాళ్ళతో సహా. ఆమె అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం పెళ్ళయ్యాక అదే మొదలు.

వయొలిన్ అమ్మగారు కంచు బొమ్మని చంకలో పెట్టుకుని వచ్చారు.

"పొద్దున్నుంచీ తిరుగుడేనండీ," అంది భార్య, తనకే వినపడనంత మెల్లగా. "కాసేపు పడుకోనివ్వండి."

ఆవిడ వంగి, వాచిన వేళ్ళతో ఆయన చెయ్యి పట్టుకున్నారు. ఆ చేతిని వెంటనే వదల్లేదు. తరవాత తలెత్తి భార్యని చూశారు. ఆమెకి అర్థమైంది.

ఎవరో డాక్టరు వచ్చాడు. చూసి, తల వంచాడు. యూనిఫారం ఆయనా ఇంజనీరూ కలిసి ఆయన్ని ఎత్తుకున్నారు. బెంచీ మీద కోటు మిగిలింది. వాళ్ళ వెనక వెళ్ళబోతూ భార్య దాన్ని తీసుకుంది, పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో గుండెకి అదుముకుంది.

కీచ్.

వసారా అంతా తలతిప్పి చూసింది. ఆమె జేబులో చెయ్యి పెట్టి తీసింది. ఎర్రటి చిన్న బూటు, ఒక్కటే, అరచేతిలో సగం కూడా లేదు. దాని మడమ కింద గాలి మెల్లగా మళ్ళీ నిండుతోంది.